వారంటీ దాటాక ల్యాప్‌టాప్ స్క్రీన్ ఆరిపోతే

ప్రశ్న: నేను ఇంటి నుంచే అకౌంట్స్ పని చేసుకుంటాను. నా ల్యాప్‌టాప్ కొని 14 నెలలైంది. వారంటీ ఒక్క సంవత్సరమే. రెండు వారాలుగా స్క్రీన్ ఉన్నట్టుండి నల్లగా అయిపోతోంది. మూత కాస్త ముందుకు వంచితే వెలుగు వస్తుంది, వెనక్కి జరిపితే పోతుంది. ఇప్పుడు చాలాసేపు అసలు రావడమే లేదు. లోపల మాత్రం ఆన్‌లోనే ఉంటోంది, మెయిల్ వచ్చిన శబ్దం వినిపిస్తోంది. 11వ నెలలో కూడా ఒకటి రెండుసార్లు మినుకుమినుకుమంటే కంపెనీ వాళ్లతో చాట్ చేశాను. డ్రైవర్ (స్క్రీన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకోమన్నారు, చేశాక కొన్నాళ్లు బాగానే ఉంది. ఇప్పుడు సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే పది నిమిషాలు చూసి, "డిస్‌ప్లే పోయింది, మొత్తం మార్చాలి" అన్నారు. వాళ్లు చెప్పిన ఖర్చు కొన్న ధరలో సగం దాటింది. బయట రిపేర్ షాపులో అందులో మూడో వంతుకే చేస్తామన్నారు కానీ వేసేది "ఒరిజినల్ కాదు" అన్నారు. మా అన్నయ్య ఇది పక్కన పడేసి కొత్తది కొనుక్కోమంటున్నాడు. నెలాఖరు పనులు మీద పడ్డాయి, చాలా టెన్షన్‌గా ఉంది. వారంటీ అయిపోయాక మనం అడగడానికి ఇంకేమీ ఉండదా? ఎవరి మాట నమ్మాలి?
– పేరు రాయవద్దన్న ఒక పాఠకురాలు

సమాధానం: ముందు మీ నెలాఖరు సంగతి చూద్దాం, ఎందుకంటే పని ఆగిపోయిందన్న కంగారులోనే మనం రిపేరుకు ఎంతంటే అంత ఒప్పుకుంటాం. ఇంట్లో టీవీ ఉంటే దాని హెచ్‌డీఎంఐ కేబుల్ తెచ్చి ల్యాప్‌టాప్‌కు పెట్టండి. చాలాసార్లు బొమ్మ దానంతటదే టీవీ మీదకు వస్తుంది. రాకపోతే విండోస్ కీ, పీ కలిపి నొక్కి, ఒకటి రెండు క్షణాలు ఆగి మళ్లీ పీ నొక్కి ఎంటర్ కొట్టి చూడండి. ల్యాప్‌టాప్‌లో యూఎస్‌బీ-సీ తప్ప వేరే సాకెట్ లేకపోతే అడాప్టర్ కావాలి. టీవీ మీద బొమ్మ శుభ్రంగా వచ్చిందంటే ఈ నెల పని దాని మీదే గట్టెక్కుతుంది, రిపేరు గురించి తొందరపడాల్సిన అవసరం ఉండదు. పైగా మీకు ఒక పెద్ద విషయం తెలిసిపోతుంది. కంప్యూటర్ లోపలి భాగం, బొమ్మను తయారుచేసే గ్రాఫిక్స్ చిప్, ఫైళ్లు, అన్నీ బాగున్నట్టే. చెడింది చాలావరకు మూత వైపున ఉందన్నమాట.

టీవీ మీద బొమ్మ వచ్చిన వెంటనే ఫైళ్లన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసేయండి. రిపేరుకు ఇచ్చాక కాదు, ఇవ్వకముందే.

ఇక అసలు విషయం. "డిస్‌ప్లే పోయింది" అనేది లక్షణమే తప్ప రోగం పేరు కాదు. జ్వరం వచ్చిందని డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన "మీకు జ్వరం వచ్చింది" అని చెప్పి బిల్లు వేస్తే ఎలా ఉంటుందో, ఈ మాటా అలాగే ఉంది. మూతలో ఏ భాగం పోయిందో చెప్పాలి. ఖర్చు, నమ్మకం, కొత్తది కొనాలా వద్దా అన్నది, అన్నీ దాని మీదే ఆధారపడతాయి.

మూత లోపల ఏముందో ఒక్కసారి ఊహించుకోండి. ముందు గాజులా కనిపించే ప్యానెల్ ఉంటుంది. దానిలోని ద్రవ స్ఫటికాలకు సొంత వెలుగు లేదు. వెనక నుంచి వచ్చే వెలుగును ఆపడం, వదలడం మాత్రమే అవి చేస్తాయి. ఆ వెలుగు ఇచ్చేది ప్యానెల్ కింది అంచున వరుసగా ఉండే సన్నటి ఎల్‌ఈడీలు. దాన్నే బ్యాక్‌లైట్ అంటాం. ప్యానెల్ అడుగున ఒక సన్నటి కంట్రోల్ బోర్డు ఉంటుంది. దాని నుంచి ఒక కేబుల్ బయలుదేరి, మూతకు, కింది భాగానికి మధ్య ఉన్న హింజ్ పక్కగా దూరి, మదర్‌బోర్డు దాకా వెళ్తుంది. బొమ్మ సిగ్నల్, బ్యాక్‌లైట్‌కు కావలసిన కరెంటు రెండూ ఆ ఒక్క కేబుల్‌లోని వెంట్రుకల్లాంటి తీగల్లోనే వెళ్తాయి. మీరు మూత తెరిచి మూసిన ప్రతిసారీ ఆ కేబుల్ వంగుతుంది, కొద్దిగా మెలితిరుగుతుంది. కొన్ని మోడళ్లలో అది హింజ్ మధ్య నలుగుతుంది కూడా.

ఇప్పుడు మీరు రాసిన వాక్యం మళ్లీ చదవండి. "మూత కాస్త ముందుకు వంచితే వెలుగు వస్తుంది, వెనక్కి జరిపితే పోతుంది." ప్యానెల్ కాలిపోతే అది మూత కోణం చూసి పనిచేయదు. మూత కదలికతో వచ్చీ పోయే జబ్బు చాలావరకు కేబుల్‌దో, దాని కనెక్టర్ వదులు కావడమో అయి ఉంటుంది. చూడకుండా నూటికి నూరు పాళ్లు ఇదేనని నేను చెప్పలేను. కానీ చెప్పిన లక్షణం ఇంత స్పష్టంగా కేబుల్ వైపు వేలు చూపిస్తున్నప్పుడు, కేబుల్ విప్పి చూడకుండా మొత్తం డిస్‌ప్లే మార్చమనడం నాకు ఏమాత్రం నచ్చలేదు.

మీరే చేసి చూడగల పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఏదీ విప్పనక్కర్లేదు.

రాత్రి గదిలో లైట్లు ఆర్పి, ల్యాప్‌టాప్ ఆన్ చేసి, స్క్రీన్ నల్లగా ఉన్నప్పుడు టార్చ్ లైటును ఏటవాలుగా దగ్గరగా వేసి చూడండి. మసకమసకగా ఐకాన్లు, అక్షరాలు కనిపిస్తే ప్యానెల్ బతికే ఉందని, బొమ్మ వస్తూనే ఉందని, వెనక వెలుగు మాత్రమే లేదని అర్థం. మీ విషయంలో నా అనుమానం ఇదే. కేబుల్‌లో బ్యాక్‌లైట్ కరెంటు వెళ్లే తీగలు తెగితే సరిగ్గా ఇలాగే ఉంటుంది. టార్చ్ వేసినా ఏమీ కనిపించకపోతే సిగ్నల్ తీగలు కూడా పోయి ఉండవచ్చు, లేదా ప్యానెల్‌లోనే దోషం ఉండవచ్చు. (ఓఎల్‌ఈడీ స్క్రీన్లకు ఈ పరీక్ష పనికిరాదు. వాటిలో ప్రతి చుక్కకూ సొంత వెలుగు ఉంటుంది కాబట్టి వెనక లైటే ఉండదు.)

తర్వాత, ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేసినప్పుడు మొదట వచ్చే కంపెనీ గుర్తు దగ్గరే స్క్రీన్ ఆరిపోతోందా, విండోస్ వచ్చాకేనా అన్నది గమనించండి. గుర్తు దగ్గరే ఆరిపోతే ఇక డ్రైవర్ల గురించి, అప్‌డేట్ల గురించి ఎవరు ఏం చెప్పినా వినక్కర్లేదు. అప్పటికి విండోస్ ఇంకా లేవనే లేదు. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లలో స్క్రీన్ తనను తాను పరీక్షించుకునే ఏర్పాటు కూడా ఉంటుంది. ఉదాహరణకు డెల్ ల్యాప్‌టాప్‌లలో డీ కీ నొక్కి పట్టుకుని పవర్ బటన్ నొక్కితే స్క్రీన్ నిండా ఒక్కో రంగూ వస్తూ పోతుంది. మీ మోడల్‌కు అలాంటిది ఉందేమో దానితో వచ్చిన పుస్తకంలో చూడండి.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. మూత మూశామని ల్యాప్‌టాప్‌కు తెలిసేది ఒక చిన్న అయస్కాంతం, దాన్ని పసిగట్టే సెన్సర్ వల్ల. చేతికి అయస్కాంతం ఉన్న వాచీ పట్టీ, బ్రేస్‌లెట్ ఉన్నా, అయస్కాంతం ఉన్న ఫోన్ కవరును కీబోర్డు పక్కన పెట్టినా మూత మూసేశారని భ్రమపడి స్క్రీన్ ఆరిపోతుంది. అలాగే కొన్ని మోడళ్లలో స్క్రీన్ వెలుగును ఆర్పేసే కీ ఒకటి ఉంటుంది, తెలియక నొక్కేస్తాం. మీది ఈ రెండూ కాకపోవచ్చు, అయినా వీటిని కొట్టిపారేయడానికి నిమిషం చాలు.

స్క్రీన్ మీద గీతలు వచ్చే వాళ్లకు కూడా ఒక మాట చెబుతాను, ఇలాంటి ప్రశ్నలే మరికొన్ని వచ్చాయి. గీతలు కనిపిస్తున్నప్పుడు స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కు పంపి చూడండి. ఫోన్‌లో గీతలు లేకపోతే దోషం కంప్యూటర్ తయారుచేసే బొమ్మలో లేదు, ఆ తర్వాత దారిలోనో ప్యానెల్‌లోనో ఉంది. మూత కదిపినా మారకుండా ఒకేచోట నిలువుగా నిలబడిపోయిన సన్నటి గీత అయితే సాధారణంగా ప్యానెల్ అంచున అతికించిన సన్నటి కనెక్షన్లు ఊడటమే. దానికి ప్యానెల్ మార్చడం తప్ప వేరే దారి ఉండదు.

ఈ పరీక్షలన్నీ ఫోన్‌తో వీడియో తీసి పెట్టుకోండి. ముఖ్యంగా మూత కదిపినప్పుడు వెలుగు వచ్చీ పోయే దృశ్యం. దాని విలువ కింద చెబుతాను.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు మధ్యలో మామూలుగా రాసి వదిలేసిన వాక్యం దగ్గరికి వస్తాను. నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే. 11వ నెలలో స్క్రీన్ మినుకుమినుకుమందనీ, కంపెనీతో చాట్ చేశాననీ అన్నారు. అంటే ఈ జబ్బు వారంటీ అయిపోయాక రాలేదు. వారంటీలో ఉండగానే వచ్చింది, మీరు చెప్పారు, వాళ్లు సరిగ్గా చూడకుండా డ్రైవర్ మాట చెప్పి పంపించారు. "వారంటీ దాటింది, మేమేం చేయలేం" అని వాళ్లు అన్నప్పుడు మీరు ఇవ్వాల్సిన జవాబు ఇదే. ఆ రోజు చాట్ చేసినప్పుడు ఒక కేస్ నంబరో, రిక్వెస్ట్ నంబరో ఇచ్చి ఉంటారు. మెయిల్‌లో వెతకండి, స్పామ్ ఫోల్డర్‌లో కూడా వెతకండి. దొరకకపోయినా ఫర్వాలేదు. ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు చెప్పి, దాని మీద నమోదైన పాత ఫిర్యాదుల చరిత్ర చూడమని అడగండి.

వారంటీ మొదలైన తేదీ కూడా ఒకసారి సరిచూసుకోండి. కంపెనీ రికార్డుల్లో కొన్నిసార్లు సరుకు వాళ్ల గోడౌన్ నుంచి బయలుదేరిన రోజు ఉంటుంది, మీ బిల్లు మీద మీరు కొన్న రోజు ఉంటుంది. రెండిటి మధ్య వారాలో నెలలో తేడా ఉండవచ్చు. బిల్లు చూపిస్తే సరిచేస్తారు. కార్డుతో కొని ఉంటే ఆ కార్డు షరతులు కూడా చూడండి. కొన్ని కార్డులు కంపెనీ వారంటీ అయిపోయాక మరికొంత కాలం తామే వారంటీ ఇస్తాయి. చాలామంది ఆ కాగితం తెరిచి కూడా చూడరు.

"వారంటీ అయిపోయాక మనం అడగడానికి ఏమీ ఉండదా" అన్నారు. ఉంటుంది. వారంటీ అనేది కంపెనీ తనంతట తాను ఇచ్చే మాట. చట్టం ఇచ్చే హక్కు వేరు. మీరు ఏ దేశంలో ఉంటున్నారో రాయలేదు కాబట్టి పైపైన చెబుతాను. యూరోపియన్ యూనియన్ దేశాల్లో వస్తువు చేతికి వచ్చేనాటికే ఉన్న లోపం రెండేళ్లలోపు బయటపడితే అమ్మినవాడిదే బాధ్యత, కంపెనీ వారంటీ ఏడాదే అయినా సరే. ఇంగ్లండ్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం కింద కోర్టుకు వెళ్లడానికి ఆరేళ్ల వరకు గడువు ఉంటుంది, కాకపోతే కొన్న ఆరు నెలల తర్వాత లోపం మొదటి నుంచే ఉందని మనమే చూపించాలి. ఆస్ట్రేలియాలో చట్టం ఇచ్చే హామీలు కంపెనీ వారంటీ గడువుతో ఆగిపోవు. భారతదేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. వెళ్లిన ప్రతివాళ్లూ గెలుస్తారని కాదు. కానీ వారంటీలో ఉండగానే ఫిర్యాదు చేసిన రుజువు మీ దగ్గర ఉంటే, కమిషన్ దాకా వెళ్లకుండానే కంపెనీ దారికి వచ్చే అవకాశం ఎక్కువ.

కంపెనీలు తమంతట తామే ఒప్పుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. యాపిల్ 2016లో తెచ్చిన 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో సరిగ్గా మీలాంటి జబ్బే వచ్చింది. డిస్‌ప్లే కేబుల్ సన్నగా, పొట్టిగా ఉండి, మూత తెరిచి మూసేకొద్దీ అరిగిపోయి, బ్యాక్‌లైట్ ఆరిపోయేది. ముందు కొంతకాలం జనం సొంత డబ్బుతోనే మొత్తం డిస్‌ప్లే మార్పించుకున్నారు. ఐఫిక్సిట్ అనే రిపేరు సంస్థ విప్పి చూస్తే, 2018 మోడల్‌లో ఆ కేబుల్ 2 మిల్లీమీటర్లు పొడవు పెరిగిందని తేలింది. చివరికి 2019 మే నెలలో యాపిల్ ఆ 2016 మోడల్‌కు వారంటీ దాటినా ఉచితంగా బాగుచేసే కార్యక్రమం ప్రకటించింది. ముందే డబ్బు కట్టినవాళ్లు తిరిగి ఇమ్మని అడిగే వీలు కూడా ఇచ్చింది. అందుకే మీ మోడల్ పేరు, దాని పక్కన మీ లక్షణం వేసి కంపెనీ సపోర్ట్ పేజీలో ఒకసారి వెతకండి. ఇదే జబ్బుతో చాలామంది ఉంటే కంపెనీకి అది కొత్త విషయం కాదన్నమాట.

కంపెనీకి ఫోన్ చేయకండి, రాయండి. ఫోన్‌లో చెప్పింది గాలికి పోతుంది. కోపం, బాధ ఏమీ లేకుండా ఇలా రాస్తే చాలు:

"ఫలానా సీరియల్ నంబరు ల్యాప్‌టాప్‌ను ఫలానా తేదీన కొన్నాను. వారంటీలో ఉండగానే, ఫలానా తేదీన, స్క్రీన్ మినుకుమంటోందని మీ చాట్‌లో ఫిర్యాదు చేశాను. డ్రైవర్ అప్‌డేట్ చేయమన్నారు, చేశాను. అదే లోపం ఇప్పుడు పెరిగి స్క్రీన్ ఆరిపోతోంది. మూత కదిపితే వెలుగు వచ్చీ పోతోంది, వీడియో జతచేశాను. బయటి మానిటర్‌కు పెడితే బొమ్మ సరిగ్గా వస్తోంది. ఇది వారంటీ కాలంలో మొదలైన లోపం కాబట్టి ఉచితంగా బాగుచేయమని కోరుతున్నాను. ఏ భాగం చెడిందో పరీక్షించి రాతపూర్వకంగా తెలియజేయగలరు."

పది రోజులు చూడండి. మొదట వచ్చే జవాబు దాదాపుగా "క్షమించండి, వారంటీ గడువు ముగిసింది" అనే ఉంటుంది. దానితో ఆగిపోకండి. పై అధికారికి పంపమని అదే మెయిల్‌కు జవాబివ్వండి. పూర్తిగా ఉచితం కాకపోయినా, గుడ్‌విల్ (బాధ్యత లేకపోయినా మంచితనంగా చేసే సాయం) కింద మార్చే భాగం ధర వాళ్లు భరించి పని ఖర్చు మనల్ని కట్టమనడం, లేదా సగం తగ్గించడం జరుగుతుంటుంది. అలా అడగవచ్చని తెలియక చాలామంది మొదటి "కాదు" దగ్గరే వెనక్కి వచ్చేస్తారు. ఆ పది రోజులు ల్యాప్‌టాప్‌ను బయట ఎక్కడా విప్పించకండి. విప్పిన గుర్తు కనిపిస్తే కంపెనీకి అదే సాకు దొరుకుతుంది.

ఇదంతా చేసినా వాళ్లు ససేమిరా అంటే డబ్బు పెట్టి బాగుచేయించుకోవడమే. అప్పుడు ఎవరి దగ్గర?

సర్వీస్ సెంటర్ వాళ్లు మోసం చేశారని నేను అనను. చాలా కంపెనీల పద్ధతే అది. మూతలో ఏది పోయినా మూత మొత్తాన్ని ఒకే భాగంగా మార్చేస్తారు. పని త్వరగా అవుతుంది, తర్వాత ఫిర్యాదు రాదు. టచ్ స్క్రీన్ అయి గాజు, ప్యానెల్ కలిపి అతికించేసిన మోడల్ అయితే నిజంగానే విడదీయడం కష్టం. కానీ మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "ఈ మోడల్‌కు డిస్‌ప్లే కేబుల్ విడిగా పార్ట్ నంబరుతో దొరుకుతుందా? ముందు అది మార్చి చూస్తారా?" దొరుకుతుందంటే మీ ఖర్చు వాళ్లు చెప్పినదానిలో చిన్న ముక్కే అవుతుంది. ఎస్టిమేట్ రాసి ఇమ్మనండి. అందులో "డిస్‌ప్లే రిపేర్" అని కాకుండా ఏ భాగానికి ఎంత, పనికి ఎంత అని విడివిడిగా ఉండాలి.

నాకు జరిగింది చెబుతాను. కొన్నేళ్ల కిందట నా ల్యాప్‌టాప్‌కు ఇదే జబ్బు వచ్చింది. ఒక షాపులో చూసి ప్యానెల్ పోయిందన్నారు. నేనూ పనిలో తొందరలో ఉండి సరే అన్నాను. కొత్త ప్యానెల్ వేశారు, ఇంటికి తెచ్చాను, మూడు వారాలు బాగా నడిచింది. నాలుగో వారం మళ్లీ అదే చీకటి. రెండో చోట ఒక టెక్నీషియన్ నా ఎదుటే బెజెల్ (స్క్రీన్ చుట్టూ ఉండే ఫ్రేమ్) ఊడదీసి, కేబుల్ హింజ్ దగ్గర నలిగి పై పొర చిరిగిపోయి ఉండటం వేలితో చూపించారు. కేబుల్ మార్చాక ఇక ఏ ఇబ్బందీ రాలేదు. మొదటి షాపులో ప్యానెల్ మార్చేటప్పుడు కేబుల్ ఊడదీసి మళ్లీ పెట్టడం వల్ల కొద్దిరోజులు తాత్కాలికంగా కలిసిందంతే. నా పాత ప్యానెల్ బాగానే ఉండి ఉంటుంది, కానీ దాన్ని తిరిగి అడిగి తీసుకోవాలని నాకు అప్పుడు తోచలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే ఎవరు ఏ భాగం మార్చినా పాతది తిరిగి ఇమ్మని ముందే చెప్పండి. అది మీ సొత్తు. బాగున్నదాన్ని పోయిందని చెప్పే ఆలోచన ఎవరికైనా ఉంటే ఈ ఒక్క మాటతో మానుకుంటారు.

"ఒరిజినల్ కాదు" అన్న మాటకు మీరు భయపడ్డారు. పరీక్షల్లో నిజంగా ప్యానెలే పోయిందని తేలితే ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది. ల్యాప్‌టాప్ కంపెనీల్లో చాలావరకు ప్యానెల్‌ను సొంతంగా తయారుచేయవు. బీఓఈ, ఏయూ ఆప్ట్రానిక్స్, ఎల్‌జీ డిస్‌ప్లే, ఇన్నోలక్స్, షార్ప్ లాంటి కొద్ది సంస్థలు తయారుచేస్తే వీళ్లు కొని బిగిస్తారు. ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద అసలు తయారీదారుడి మోడల్ నంబరు ఉంటుంది. అదే నంబరున్న ప్యానెల్ బయట దొరికితే, ల్యాప్‌టాప్ కంపెనీ పెట్టెలో రాకపోయినా అది అదే సరుకు. నంబరు వేరైతే మాత్రం అడగాల్సినవి ఉన్నాయి. సైజు, రిజల్యూషన్ (తెర మీద ఎన్ని చుక్కలున్నాయన్నది), మ్యాట్ ఉపరితలమా మెరిసేదా అన్నవి కలవాలి. కనెక్టర్ పిన్నులు కూడా కలవాలి. మామూలు 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మారే) స్క్రీన్లకు ఎక్కువగా 30 పిన్నులు ఉంటాయి, గేమింగ్ ల్యాప్‌టాప్‌ల వేగమైన స్క్రీన్లకు, కొన్ని టచ్ స్క్రీన్లకు 40 ఉంటాయి. ఇవన్నీ కలిసినా ఒకచోట చాలామంది నష్టపోతారు. ఏ వైపు నుంచి చూసినా రంగులు బాగా కనిపించే ఐపీఎస్ రకం ప్యానెల్ తీసి, చవకైన టీఎన్ రకం ప్యానెల్ బిగిస్తారు. ఎదురుగా కూర్చుని చూస్తే తేడా వెంటనే తెలియదు. మూత కొద్దిగా వెనక్కి వాల్చినా, పక్కనుంచి చూసినా రంగులు వెలిసిపోయి తిరగబడినట్టు అవుతాయి. రోజంతా అంకెల వంక చూసే మీ కళ్లకు అది పెద్ద శిక్ష. "ఐపీఎస్ ప్యానెల్" అని బిల్లులో రాయించుకోండి.

మీరే కేబుల్ కొని మార్చుకోవాలని ఎవరైనా సలహా ఇస్తారేమో. చేతికి అలవాటు ఉన్నవాళ్లు చేసుకోవచ్చు. కానీ బ్యాటరీ కనెక్టర్ ఊడదీయకుండా డిస్‌ప్లే కేబుల్ పెట్టినా తీసినా, కొంచెం వంకరగా దూర్చినా మదర్‌బోర్డు మీద ఉండే బ్యాక్‌లైట్ ఫ్యూజు పోవచ్చు. అప్పుడు కొత్త కేబుల్ వేసినా వెలుగు రాదు. మీకు అలవాటు లేదంటే వద్దు.

ఇంట్లో విడి మానిటర్ వాడేవాళ్లకైతే ఇంకా గట్టిగా చెబుతాను. దాన్ని అసలు తెరవకండి. ప్లగ్ తీసేశాక కూడా లోపలి పవర్ బోర్డు మీది పెద్ద కెపాసిటర్లలో (కరెంటును నిల్వచేసే భాగాలు) కరెంటు నిలిచి ఉంటుంది, ప్రాణం మీదకు రావచ్చు. తెరవకుండానే చూడగలిగేవి చూడండి. సిగ్నల్ కేబుల్ తీసేసి మానిటర్ ఒక్కటే ఆన్ చేస్తే "సిగ్నల్ లేదు" అన్న మాట తెర మీద వెలిగితే ప్యానెల్, లైటు బాగున్నట్టే, కేబులో కంప్యూటరో చూసుకోవాలి. ఆన్ చేయగానే రెండు క్షణాలు వెలిగి ఆరిపోతే బ్యాక్‌లైట్‌నో, పవర్ బోర్డునో అనుమానించాలి. పవర్ బోర్డులో ఉబ్బిపోయిన కెపాసిటర్లు మార్చడం తెలిసిన టెక్నీషియన్‌కు చిన్న పని. యూరోపియన్ యూనియన్‌లో 2021 మార్చి నుంచి మానిటర్లు, టీవీల తయారీదారులు ఆ మోడల్ అమ్మకం ఆపేశాక కూడా ఏడేళ్లపాటు పవర్ సప్లై, పెద్ద కెపాసిటర్ల లాంటి విడిభాగాలు అందుబాటులో ఉంచాలన్న నియమం ఉంది. ఏ భాగాలు తరచూ చెడతాయో చట్టం రాసినవాళ్లకు బాగా తెలుసు.

మీ అన్నయ్య సలహా గురించి. ఆయన మీ ఇబ్బంది చూడలేక అన్నారు, తప్పు పట్టను. ల్యాప్‌టాప్ ఆరేడేళ్లదై, బ్యాటరీ కూడా పోయి, రిపేరు ఖర్చు అలాంటి పాత ల్యాప్‌టాప్ ఇప్పుడు పలికే ధరలో సగం దాటితే నేనూ అదే చెప్పేదాన్ని. 14 నెలల యంత్రాన్ని, అందులోనూ ఒక కేబుల్ తెగిందన్న అనుమానం ఉన్నదాన్ని పడేయడం న్యాయం కాదు. ఒకవేళ ఖరీదైన రిపేరే తప్పదని తేలినా, ఒక మానిటర్ కొని దానికి పెట్టుకుని ఇంట్లో డెస్క్‌టాప్‌లా వాడుకోవచ్చు. మీరు ఇంటి నుంచే పని చేస్తారు కాబట్టి ఆ దారి మీకు బాగా సరిపోతుంది. అకౌంట్స్ పనికి పెద్ద తెర హాయిగా కూడా ఉంటుంది.

ఇచ్చేటప్పుడు జాగ్రత్తలు. మీ దగ్గర ఇతరుల లెక్కలు ఉంటాయి, కాబట్టి మీ పాస్‌వర్డ్ ఇవ్వకండి. స్క్రీన్ పరీక్షించడానికి లాగిన్ అవసరమే లేదు, లాగిన్ పేజీ కనిపిస్తే చాలు. తప్పదంటే వేరే యూజర్ అకౌంటు పెట్టి దాని పాస్‌వర్డ్ ఇవ్వండి. విండోస్‌లో డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే, కొన్ని రకాల రిపేర్ల తర్వాత అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఎక్కడుందో ముందే చూసి రాసిపెట్టుకోండి, లేకపోతే స్క్రీన్ బాగుపడి ఫైళ్లు అందకుండా పోతాయి. మూతను, కింద సీరియల్ నంబరును, నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. వీలైతే ఎదుట కూర్చుని విప్పించండి. విప్పినప్పుడు హింజ్ ఎంత బిగుసుకుపోయిందో చూడమనండి. బిగుసుకుపోయిన హింజ్‌ను సరిచేయకుండా కేబుల్ ఒక్కటే మారిస్తే కొత్త కేబుల్ కూడా మళ్లీ అదే చోట నలగవచ్చు.

తెచ్చుకునేటప్పుడు ఒక్క చోట మాత్రం మొహమాటపడకండి. డబ్బు కట్టకముందే కౌంటర్ దగ్గర ల్యాప్‌టాప్ ఆన్ చేయించి, మూతను మధ్యలో పట్టుకుని పూర్తిగా తెరవండి, మూయండి, మళ్లీ తెరవండి, ఇరవై సార్లు. వెలుగు ఒక్కసారి కూడా తొణకకూడదు. తెల్లటి పేజీ, నల్లటి పేజీ ఒకటొకటిగా తెరిచి చుక్కలు, మరకలు ఉన్నాయేమో చూడండి. పక్కనుంచి కూడా చూడండి. మార్చిన భాగం పేరు, దాని మీద కనీసం మూడు నెలల గ్యారంటీ బిల్లులో రాయించుకుని, పాత కేబుల్‌ను సంచిలో వేసుకుని రండి. కంపెనీ ఏమని జవాబిచ్చిందో నాకు రాయండి అమ్మా. ఆ 11వ నెల చాట్ రికార్డు దొరికిందో లేదో కూడా.